రాత్రి డ్యూటీకి ఇంకొక సిస్టర్ కావాలి

నర్సుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పని వారు ఉండరు. దీపం పట్టుకున్న తల్లి అంటారు, తెల్లచీర దేవత అంటారు, ఓర్పుకు మారుపేరు అంటారు. ఏటా మే 12న, అంటే 1820లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజున, ఈ మాటలన్నీ మరోసారి వింటాము. విన్నందుకు సంతోషమే. అయితే ఈ పొగడ్తలు ఎన్ని కలిపినా ఒక రాత్రి డ్యూటీ నిండదు. ఖమ్మం నుండి భద్రాచలం దాటి అడవి అంచు వరకు పనిచేస్తున్న మా వంటి నర్సుల కష్టసుఖాలన్నీ చివరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతాయి. ముప్పై మంది రోగులున్న వార్డులో రాత్రి పూట ఎంత మంది సిస్టర్లు ఉండాలి? ఈ ప్రశ్నకు మన ఆసుపత్రులు, మన సంఘాలు, మన పాఠకులు కలిసి జవాబు చెప్పాలని మా అభిప్రాయం.

నర్సు పని ఏమిటి?

డాక్టరుగారు వైద్యం చేస్తారు, సిస్టర్ సూది వేస్తుంది, సెలైన్ పెడుతుంది, మాత్రలు ఇస్తుంది, పక్క మారుస్తుంది అని చాలా మంది అనుకుంటారు. అది కంటికి కనబడే పని. కనబడని పని ఒకటుంది. అది కనిపెట్టుకొని ఉండడం. రోగి స్థితి మారుతున్నదని మొదట తెలుసుకోవలసింది నర్సే. ఆమె తెలుసుకుంటేనే డాక్టరుగారికి కబురు వెళ్తుంది, వైద్యం మొదలవుతుంది.

మన ప్రాంతంలో కట్లపాము కాటు చూడండి. ఈ పాము ఎక్కువగా రాత్రి పూట, నేల మీద పడుకున్న వారిని కరుస్తుంది. కరిచిన చోట వాపు ఉండదు, పెద్ద నొప్పి ఉండదు. కొందరికి గాటు కూడా కనబడదు. కడుపు నొప్పి, వాంతి అని వస్తారు. వచ్చినప్పుడు మామూలుగానే మాట్లాడతారు. కొన్ని గంటల తరువాత కనురెప్పలు వాలడం మొదలవుతుంది, మింగడం కష్టమవుతుంది, ఆపైన ఊపిరి కండరాలు సన్నగిల్లుతాయి. తెల్లవారుజామున మూడు గంటలకు ఆ రెప్పలు వాలడం ఎవరు చూస్తారు? బంధువులు నిద్రపోయాడనుకుంటారు. పక్కన నర్సు ఉండి, పేరు పెట్టి పిలిచి, కళ్లు పైకెత్తి చూడమంటేనే అసలు సంగతి బయటపడుతుంది.

రక్తపింజరి కాటు అయితే మరొక రకం కాపలా. రోగి రక్తం కొద్దిగా శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బు నీళ్లతో కడిగిన గొట్టమూ పనికిరాదు. 20 నిమిషాల తరువాత వంచి చూస్తే రక్తం గడ్డ కట్టకుండా జారిపోతే విషం ఎక్కిందని అర్థం. విషానికి విరుగుడు మందు ఎక్కించేటప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచినా, బి.పి. పడిపోయినా వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. ఆరు గంటలకు మళ్లీ గాజు గొట్టం పరీక్ష. ఇందులో పెద్ద యంత్రం ఏదీ లేదు. గడియారం, గాజు గొట్టం, దగ్గర ఉండే మనిషి, అంతే.

కానుపు సంగతీ అంతే. బిడ్డ ఏడవగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మాకు మాత్రం అసలు భయం అప్పుడే మొదలవుతుంది. మొదటి రెండు గంటలు ప్రతి పావుగంటకూ నాడి, బి.పి. చూడాలి. గర్భసంచి గట్టిపడిందా లేదా చేత్తో తడిమి చూడాలి. దుప్పటి ఎత్తి రక్తస్రావం ఎంతో చూడాలి. మన దగ్గరకు వచ్చే తల్లుల్లో రక్తహీనత ఎక్కువ. పట్నంలో తిండి బాగున్న తల్లి తట్టుకునే రక్తనష్టాన్ని వీరు తట్టుకోలేరు. మలేరియాతో మగతగా పడుకున్న పసివానికి రక్తంలో చక్కెర తగ్గిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట రోగిని విడిచి వెళ్లకూడదు. సికిల్ సెల్ జబ్బున్న కోయ యువకుడు ఒళ్లంతా నొప్పులని మెలికలు తిరుగుతుంటాడు. పైకి గాయం ఉండదు, వాపు ఉండదు. అతని నొప్పిని నమ్మి, మందు సమయానికి ఇచ్చి, నీళ్లు తాగించి, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలయ్యాయేమో కనిపెట్టాలి.

లెక్క వేసి చూద్దాం

ఒక్కొక్క రోగి దగ్గర పది నిమిషాలు గడిపితే ముప్పై మందికి 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. ఒక్క సిస్టర్ ఉన్న వార్డులో ఒక రౌండు పూర్తయ్యే సరికి అర్ధరాత్రి దాటిపోతుంది. మధ్యలో ఒక కానుపు వచ్చినా, ఒక పురుగుమందు కేసు వచ్చినా ఆ రౌండు కూడా సాగదు. పావుగంటకొకసారి చూడవలసిన తల్లిని గంటకొకసారి చూస్తాము. గంటకొకసారి చూడవలసిన పసివాణ్ణి తెల్లవారాక చూస్తాము. ఇది ఆ సిస్టర్ సోమరితనం వల్ల కాదు, ఓర్పు చాలక కాదు. గడియారంలో అంత సమయం లేకపోవడం వల్ల.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సాధారణ వార్డుల్లో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని కలుపుకోవాలి. ఈ లెక్కను ఎంత తగ్గించి చదివినా ముప్పై మంచాలకు ఆరుగురు వస్తారు. ఆ ఆరుగురిని మూడు షిఫ్టులకు పంచినా రాత్రికి ఇద్దరు తేలతారు. ఒక్కరే అనే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. అయినా చిన్న ఆసుపత్రుల్లో, అవి ఎవరివైనా సరే, రాత్రి ఒక్కరే కనబడడం మామూలైపోయింది.

నర్సులు తగ్గినప్పుడు వెంటనే ఏదీ కూలిపోదు. సూదులు పడతాయి, మాత్రలు అందుతాయి, రిజిస్టరు నిండుతుంది. తగ్గేది ఆ కనిపెట్టుకొని ఉండడమే. అది ఏ రిజిస్టరులోనూ రాయరు కాబట్టి అది తగ్గిందని ఎవరికీ తెలియదు. ప్రమాదం అక్కడే ఉంది.

అడవి అంచున అదనపు బరువు

పట్నం ఆసుపత్రిలో లేని కొన్ని బరువులు మాకు ఉన్నాయి. మొదటిది గోదావరి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. రోడ్లు మునిగితే డ్యూటీ దిగిన సిస్టర్ ఇంటికి పోలేదు, డ్యూటీకి రావలసిన సిస్టర్ రాలేదు. ఉన్నవారే పగలు, రాత్రి చేయాలి. వరద మొదలవుతున్నదనగానే నెలలు నిండిన గర్భిణులను ముందే తీసుకువస్తారు, వార్డు నిండుతుంది. అదే సమయానికి కొందరు సిస్టర్ల సొంత ఇళ్లలోనే నీళ్లు చేరి ఉంటాయి.

రెండవది సరిహద్దు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. గీతలు మారాయి గానీ రోగులు నడిచే దారి మారలేదు. చర్ల, దుమ్ముగూడెం నుండి వస్తారు, చింతూరు, కూనవరం నుండి వస్తారు, ఛత్తీస్‌గఢ్ అడవుల నుండి వస్తారు. మిరపకాయ కోతలకు వలస వచ్చినవారు, తునికాకు కోసేవారు, చీకటితోనే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళేవారు, అందరూ ఇక్కడికే రావాలి. రోగి ఏ రాష్ట్రం వాడు, ఆరోగ్య కార్డు ఏ రాష్ట్రానిది, ఏ కాగితం కావాలి అన్న ప్రశ్నలు కూడా చివరకు వార్డులో ఉన్న సిస్టర్ దగ్గరకే వస్తాయి.

మూడవది భాష. కోయ భాష గోండి కుటుంబానికి చెందినది. వలస వచ్చిన గుత్తికోయల్లో చాలా మంది ఆడవారికి తెలుగు రాదు. "నొప్పి ఎప్పటి నుంచి, అమ్మా?" అని అడిగితే భర్త జవాబు చెబుతాడు. భర్తకూ తెలియని సంగతి ఆమెకు తెలుసు, కానీ మనకు చెప్పలేదు. అప్పుడు కోయ తెలిసిన ఆయమ్మను నిద్ర లేపాలి. ఆమె వచ్చి రెండు మాటలు మాట్లాడితే రోగి ముఖంలో భయం సగం పోతుంది, రోగం సగం తెలుస్తుంది. ఏ స్కానింగూ ఇంత తొందరగా ఇంత సంగతి చెప్పదు. చాలా ఆసుపత్రుల్లో ఆయమ్మ చేసే ఈ పనికి పేరూ లేదు, పైసా కూడా లేదు. ఇది న్యాయం కాదు.

ఈ పని మీద కోపం పనికిరాదన్నది కూడా ఇక్కడే నేర్చుకుంటాము. మంత్రం వేయించుకొని, పసరు తాగి ఆలస్యంగా వచ్చినవారిని కసురుకుంటే వారు తెల్లవారేలోగా చెప్పకుండా వెళ్ళిపోతారు. మలేరియాకు మొదటి మోతాదు పడి జ్వరం తగ్గగానే "ఇంక పోతాం సిస్టరమ్మా" అంటారు. మూడు రోజుల మాత్రలు ఎందుకు వాడాలో కూర్చొని చెప్పాలి. పోడు దగ్గర పని ఆగిపోయిందని వారి బాధ. అది వినాలి. వినడానికి కూడా సమయం కావాలి. సమయం అంటే మళ్లీ మనుషులే.

ఎందుకు వెళ్ళిపోతున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు ఉన్నారు, ఇంకా 58 లక్షల మంది తక్కువ ఉన్నారు. అందుకే గల్ఫ్ దేశాలు, ఇంగ్లండు, జర్మనీ మన పిల్లల కోసం ఎదురుచూస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా 2024 జనవరిలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. ఇది మంచి వార్తే, ప్రభుత్వ ఆసుపత్రులు బలపడాలి. అయితే చిన్న ఆసుపత్రుల్లో చేయి తిరిగిన పిల్లలు ఒక్కసారిగా ఖాళీ అవుతారు. పాముకాటు కేసును, కష్టమైన కానుపును ఒంటిచేత్తో నడపగల స్థాయికి వచ్చేసరికి వెళ్ళిపోతారు. మళ్లీ కొత్తవారితో మొదటి నుంచి మొదలు.

వెళ్ళేవారిని తప్పు పట్టము. ఆ పిల్ల చదువుకు తండ్రి ఎకరం తాకట్టు పెట్టి ఉంటాడు. తమ్ముడి ఫీజు ఆమే కట్టాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాలను పరిశీలించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 దాటితే పది శాతానికి మించకుండా తక్కువగా, 50 నుండి 100 వరకు అయితే 25 శాతానికి మించకుండా తక్కువగా ఇవ్వాలన్నది. 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదన్నది. ఆ సిఫారసులు రాష్ట్రాలకు వెళ్ళాయి. అయినా 20 వేలు ఇంకా కలగానే ఉన్న సిస్టర్లు ఎంతో మంది ఉన్నారు.

"మిషన్ ఆసుపత్రి కదా, సేవాభావం ఉండాలి" అనే మాట ఇక్కడే వస్తుంది. ఈ మాటను జాగ్రత్తగా చూడాలి. సేవ అన్నది చేసేవారు తమంతట తాము ఇచ్చే కానుక. ఎదుటివారి జీతంలో నుంచి మనం కోసుకునేది సేవ కాదు. పనివానికి తగిన కూలి ఇవ్వాలన్నది మన గ్రంథంలో ఉన్న బోధే.

పాత తరం మిషనరీల త్యాగాన్ని ఉదాహరణగా చెబుతారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1909లో వెల్లూరులో నర్సింగ్ స్కూలు ప్రారంభించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ నిజంగా తమ జీవితాలనే ఇచ్చారు. కానీ వారి వెనుక ఎవరున్నారో కూడా చూడాలి. సముద్రాల అవతల చిన్న చిన్న సంఘాల్లో స్త్రీలు నాణెం నాణెం కూడబెట్టి పంపారు. ఆ డబ్బుతో భవనాలు లేచాయి, మనుషుల జీతభత్యాలూ నడిచాయి. త్యాగం ఒక్కరి మీద పడలేదు, పంచుకున్నారు. ఆ విదేశీ సహాయం చాలా వరకు తగ్గిపోయింది. దాని స్థానంలో ఇక్కడి సంఘాలు నిలబడాలి గానీ, ఆ లోటంతా రాత్రి డ్యూటీలో ఉన్న ఇరవై నాలుగేళ్ల పిల్ల పూడ్చాలనడం సరికాదు.

మరి ఏం చేయాలి?

ఫీజులు పెంచి జీతాలు పెంచండి అని కొందరు సలహా ఇస్తారు. డోలీలో మోసుకొని వచ్చిన తల్లి దగ్గర ఏం పెంచుతాము? ఫీజు పెంచితే నర్సు నిలుస్తుందేమో గానీ రోగి రాడు. రోగి రాని మిషన్ ఆసుపత్రి ఎవరికి?

దాతలను మేము అడిగేది ఒకటే. గది కట్టించడానికి, మంచం ఇవ్వడానికి, గోడ మీద పాలరాతి పలక వేయించడానికి మనవారు ముందుకొస్తారు. దేవుడు వారిని దీవించును గాక. కానీ మంచం తనంతట తాను రోగిని కనిపెట్టలేదు. ఇక మీదట ఒక మంచం ఇచ్చే కుటుంబం దానితోపాటు ఒక సిస్టర్ జీతంలో కొంత భాగం ప్రతి నెలా ఇవ్వగలదా అని ఆలోచించమని మనవి. ఆ దానానికి పలక ఉండదు. తెల్లవారి లేచి ఇంటికి వెళ్ళే రోగే ఉంటాడు.

ఆసుపత్రి కమిటీలు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. క్వార్టర్ల నుండి వార్డుకు వచ్చే దారిలో లైటు ఉండాలి, రాత్రి గేటు దగ్గర కాపలా ఉండాలి. రాత్రి డ్యూటీల వరుస ముగిశాక నిజమైన సెలవు ఇవ్వాలి, మధ్యలో పిలవకూడదు. ప్రతి నర్సుకూ, ప్రతి ఆయాకూ హెపటైటిస్-బి టీకాలు వేయించాలి. వాడిన సూదులకు గట్టి డబ్బా ఉండాలి. సూది గుచ్చుకుంటే దాచుకోకుండా చెప్పే వాతావరణం ఉండాలి, ఎందుకంటే హెచ్.ఐ.వి. నివారణ మందు 72 గంటలలోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టాలి. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే శిక్షించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. ఆ సంగతి గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది, మన ఊళ్ల కోయ పిల్లలను నర్సులు చేయడం. ఇంటర్ పూర్తి చేసిన ఆడపిల్లను మూడేళ్ల జి.ఎన్.ఎం. కోర్సుకు పంపించి, ఫీజు మనం కడితే ఆమె భాషతో సహా తిరిగి వస్తుంది. ఆమెకు దుబాసీ అవసరం లేదు, అడవి దారి కొత్త కాదు, వరద కొత్త కాదు. ఆమె కూడా ఒకనాడు విదేశం వెళ్ళవచ్చు. వెళ్ళనీయండి. పదిమందిలో నలుగురు నిలిచినా ఈ ప్రాంతానికి అది పెద్ద బలం.

రోగి బంధువులకు కూడా ఒక మాట. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టకండి, కోయకండి, పామును పట్టుకొనే ప్రయత్నంలో సమయం పోగొట్టకండి. కరిచిన కాలు చెయ్యి కదపకుండా 108కి ఫోను చేసి నేరుగా రండి. ముందు ఏ పసరు తాగించారో చెప్పండి, మేము తిట్టము. మంచం దగ్గర ఒక్కరే ఉండండి. బలానికి సెలైన్ పెట్టమని పోట్లాడకండి. రోగి తీరు మారిందనిపిస్తే సిస్టర్‌ను పిలవడానికి మొహమాటపడకండి. ఆ పిలుపు కోసమే మేము ఉన్నాము.

త్వరలో సంఘాల్లో కోత పండుగలు వస్తాయి. ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేసి వచ్చిన డబ్బును ఏం చేయాలో కమిటీలు కూర్చొని నిర్ణయిస్తాయి. గోడకు రంగు ఇంకో ఏడాది ఆగగలదు. ఈసారి ఆ జాబితాలో మొదటి పద్దుగా రాత్రి వార్డుకు రెండవ సిస్టర్ జీతం రాయమని పెద్దలను వినయంగా కోరుతున్నాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్